ఒకే విమానంలో దిగినవారు ఒకే రోజున కుదురుకోరు

మీరు రాసినదాన్ని రెండుసార్లు చదివాను. దేశం మారి 7 నెలలైందని, మీవారు కొత్త ఉద్యోగంలో ఇమిడిపోయారని, 11 ఏళ్లు అకౌంటెంటుగా పనిచేసిన మీరు మాత్రం పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఇంట్లో ఒంటరిగా గడుపుతున్నారని, 13 ఏళ్ల అబ్బాయి బడి నుంచి రాగానే గది తలుపు వేసుకుంటున్నాడని, 6 ఏళ్ల పాప బడిలో ఇంతవరకు నోరు విప్పలేదని రాశారు. పాప త్వరగా మాట్లాడాలంటే ఇంట్లో కూడా ఆ దేశభాషే వాడమని ఉపాధ్యాయురాలు సలహా ఇచ్చారని, ఈ విషయం మీద మీకూ మీవారికీ మాట పట్టింపులు వస్తున్నాయని, అసలు వచ్చి తప్పు చేశామేమో, విద్యా సంవత్సరం పూర్తికాగానే తిరిగి వెళ్లిపోవడం మంచిదేమో అని అడిగారు.

నేను భర్తతో, ఇద్దరు పిల్లలతో దేశం విడిచి వచ్చి 22 ఏళ్లు దాటింది. గత 14 ఏళ్లుగా కొత్తగా వచ్చిన కుటుంబాలకు తోడ్పడే ఒక కేంద్రంలో పనిచేస్తున్నాను. మీరు చెప్పిన సమస్యలు దేనికవి విడిగా కనిపిస్తున్నా, నాకు వాటి మూలం ఒక్కటేననిపిస్తోంది. నలుగురూ ఒకే రోజున దిగారు కాబట్టి నలుగురూ ఒకే వేగంతో కుదురుకోవాలని మీ ఇంట్లో అందరూ అనుకుంటున్నారు. ముందుగా కుదురుకున్నవారు మిగిలినవారిని తమతో పోల్చి చూస్తున్నారు, వెనకబడినవారు తమలోనే ఏదో లోపం ఉందని కుమిలిపోతున్నారు. నేను చూసిన కుటుంబాల్లో తల్లీ తండ్రీ పిల్లలూ ఒకే కాలంలో కుదురుకున్న ఇల్లు ఒక్కటి కూడా లేదు.

పాప సంగతి ముందు చెబుతాను, ఎందుకంటే వెంటనే తేల్చుకోవలసినది ఆ సలహాయే. దయచేసి దాన్ని పాటించకండి. ఆవిడ మంచి మనసుతోనే చెప్పి ఉంటారు, ఆ సలహా ఇచ్చిన ఉపాధ్యాయులను నేను చాలామందిని చూశాను. కానీ 6 ఏళ్ల పిల్ల ఇంటి భాషలోనే ఆలోచిస్తుంది, అలుగుతుంది, భయపడితే ఆ భాషలోనే ఏడుస్తుంది. పగలంతా అర్థంకాని మాటల మధ్య కూర్చుని వచ్చిన పిల్లకు ఇంట్లో కూడా అమ్మ కొత్త భాషలో, అదీ తడబడుతూ మాట్లాడితే, రోజు మొత్తంలో ఆమెకు పూర్తిగా అర్థమయ్యే గంట ఒక్కటి కూడా మిగలదు. చదువు దృష్టితో చూసినా అది నష్టమే. ఒక భాషలో కథ చెప్పడం, కారణం వివరించడం, చదివినదాన్ని అర్థం చేసుకోవడం నేర్చిన పిల్లలు ఆ నేర్పును రెండో భాషలోకి తీసుకువెళ్లగలరని, మొదటి భాషను తుంచివేస్తే రెండోదానికీ ఆధారం పోతుందని భాషా విద్యా పరిశోధకుడు జిమ్ కమిన్స్ 1979 నుంచీ చెబుతూ వచ్చారు. కాబట్టి మీకు ఏ భాషలో మాటలు తడుముకోకుండా వస్తాయో ఆ భాషలోనే పాపతో మాట్లాడండి, కథలు చెప్పండి, పోట్లాడండి. బడి భాష బడిలో వస్తుంది.

ఇక ఆ మౌనం గురించి. కొత్త భాష మధ్యలోకి వచ్చిపడిన చిన్నపిల్లలు మొదట్లో మాట్లాడకుండా కేవలం వింటూ ఉండే దశ ఒకటి ఉంటుందని ఈ రంగంలో పనిచేసేవారందరికీ తెలుసు. దాన్ని మౌన దశ అంటాం. కొందరికి అది కొన్ని వారాలే ఉంటుంది, కొందరికి నెలలు పడుతుంది. మా అమ్మాయి అప్పుడు మీ పాప వయసుదే. ఒకరోజు ఆమె సంచి దులిపితే అడుగున గుప్పెడు పెన్సిల్ పొట్టు రాలింది. పది రోజుల క్రితం కొన్న పెన్సిళ్లన్నీ బొటనవేలంత అయిపోయి ఉన్నాయి. వెళ్లి అడిగితే ఉపాధ్యాయుడు చెప్పినదేమిటంటే, ఆమె తరగతిలో మాటిమాటికీ లేచి, చెత్తబుట్ట దగ్గర నిలబడి పెన్సిల్ చెక్కుకుంటుందట. ఇంటికి వచ్చాక ఆలోచిస్తే అర్థమైంది. ఆ గదిలో ఒక్క మాట కూడా అవసరంలేకుండా, ఎవరూ ఏమీ అడగకుండా చేయగలిగిన పని అదొక్కటే. ఆ సంగతి ఆయనకు చెప్పాక, తరగతికంతటికీ పెన్సిళ్లు చెక్కే పని, పుస్తకాలు పంచే పని ఆమెకే అప్పగించారు. మొదటి మాట రావడానికి ఆ తర్వాత ఇంకా రెండు నెలలు పట్టింది కానీ, బడికి వెళ్లనని ఏడవడం మాత్రం ఆ వారంతోనే ఆగిపోయింది.

మీ పాప విషయంలో గమనించవలసినది ఆమె మాట్లాడుతోందా లేదా అన్నది కాదు. చెప్పిన పని అర్థం చేసుకుని చేస్తోందా, వేలితో చూపిస్తోందా, తల ఊపుతోందా, ఆటల్లో తోటిపిల్లల పక్కన చేరుతోందా, ఇంట్లో మునుపటిలాగే గలగలలాడుతోందా అన్నవి చూడండి. అవి ఉంటే ఆమె లోపల భాష కూడబెట్టుకుంటున్నట్టే. అలా కాకుండా, ఇంటి భాష తెలిసిన బయటివారి ముందు కూడా బిగుసుకుపోతుంటే, లేదా ఇంట్లో కూడా మాటలు తగ్గిపోతుంటే, ఆలస్యం చేయకుండా పిల్లల మానసిక నిపుణులకో వాక్ చికిత్సకులకో చూపించండి. కొన్ని చోట్ల మాత్రమే మాట రాకపోవడం అనే ఆందోళన సమస్య ఒకటి ఉంది, కానీ దాన్ని నిర్ధారించేటప్పుడు బడిలో చేరిన మొదటి నెలను లెక్కలోకి తీసుకోరు, భాష తెలియకపోవడమే కారణమైతే ఆ పేరు పెట్టరు. ఈ తేడా తెలియక మామూలు మౌన దశలో ఉన్న పిల్లలకు లేనిపోని ముద్ర వేసిన సందర్భాలున్నాయి. నిజంగా సహాయం కావలసిన పిల్లలను 'అదే సర్దుకుంటుంది' అని వదిలేసిన సందర్భాలూ ఉన్నాయి. 7 నెలలంటే నిశ్చింతగా కూర్చునే కాలం కాదు కాబట్టి, ఈ గమనింపు ఈ నెలలోనే చేయండి.

అబ్బాయి విషయం ఇంతకన్నా సున్నితమైనది, ఎందుకంటే అతడు బాగానే ఉన్నట్టు కనిపిస్తాడు. ఆటస్థలంలో మాట్లాడుకునే భాష పిల్లలకు దాదాపు 2 ఏళ్లలో వస్తుంది. పాఠ్యపుస్తకంలోని భాష, అంటే చరిత్ర పాఠంలో కారణాలు వివరించడానికి, విజ్ఞానశాస్త్రంలో ప్రయోగం గురించి రాయడానికి కావలసిన భాష, అక్కడే పుట్టిన తోటివారి స్థాయికి చేరడానికి 5 నుంచి 7 ఏళ్లు పడుతుందని కమిన్సే టొరంటోకు వలస వచ్చిన విద్యార్థుల వివరాలను పరిశీలించి 1981లో తేల్చారు. చిన్నవయసులో వచ్చిన పాపకు ఆ 7 ఏళ్లూ చేతిలో ఉన్నాయి. 13 ఏళ్లకు వచ్చినవాడికి బడి చదువు ముగిసేలోపు అంత వ్యవధి లేదు, పైగా అతని పాఠాలు ఏటేటా బరువెక్కుతాయి. లెక్కల్లో మంచి మార్కులు వచ్చి, చరిత్రలో రాకపోతే అది తెలివి తక్కువై కాదు, బద్ధకమూ కాదు. ఆ మాట మీరు అతనితో గట్టిగా, ఒకటికి రెండుసార్లు చెప్పాలి. అదనపు భాషా బోధన ఉంటే అడిగి తీసుకోండి, 'మాట్లాడటం వచ్చేసింది కదా' అని మధ్యలో ఆపివేయనీయకండి.

ఇంకొక సంగతి. ఈ వలస నిర్ణయం తీసుకున్న నాడు మీ అబ్బాయిని అడిగారో లేదో నాకు తెలియదు కానీ, చాలా ఇళ్లలో ఆ వయసు పిల్లలను అడగరు, చెబుతారు. పాత తరగతిలో అతనికొక పేరు, ఒక జట్టు, తన మాటకు నవ్వే నలుగురు ఉండేవారు. ఇక్కడ అతడు మెల్లగా మాట్లాడే కొత్త కుర్రాడు, అంతే. ఆ తలుపు వెనక అతడు పాత స్నేహితులతో మాట్లాడుతూ ఉండవచ్చు. దాన్ని మాన్పించకండి, కొత్తవారిని సంపాదించుకునే దాకా అతనికి ఆ ఊతం కావాలి. నిద్ర, చదువు, తిండి వేళలకు భంగం రానంతవరకు ఆ తలుపు మూసి ఉన్నా ఫర్వాలేదు.

అయితే అతని చేత ఒక పని మాత్రం చేయించకండి. కొత్త దేశాల్లో పిల్లలకు భాష ముందుగా వస్తుంది కాబట్టి, పెద్దలు తెలియకుండానే వారిని దుబాసీలుగా మార్చేస్తారు. బ్యాంకులో, అద్దె ఒప్పందం దగ్గర, చివరికి వైద్యుడి గదిలో కూడా. మా కేంద్రానికి వచ్చిన ఒక తల్లికి వైద్య పరీక్ష ఫలితాన్ని వివరించినది ఆమె 12 ఏళ్ల కూతురు. వైద్యుడు చెప్పిన మాటలో భయపెట్టే భాగాన్ని ఆ పిల్ల అమ్మకు చెప్పలేదు, తానొక్కతే మూడు వారాలు మోసింది. ఆ తల్లి చికిత్స ఆ మూడు వారాలు ఆలస్యమైంది. దుకాణంలో ఒక మాట అడిగి చెప్పడం వేరు. ఆరోగ్యం, డబ్బు, చట్టం, బడి నుంచి వచ్చిన ఫిర్యాదు, ఈ నాలుగింటి దగ్గరా పిల్లలను మధ్యన నిలబెట్టకూడదు. చాలా దేశాల్లో ఆసుపత్రులు, బడులు ముందుగా అడిగితే దుబాసీని ఏర్పాటు చేస్తాయి, ఫోను ద్వారా అయినా సరే. అడగడానికి మొహమాటపడకండి.

ఇప్పుడు మీ గురించి. మీరు మీ గురించి ఒకే వాక్యం రాశారు, మిగిలినదంతా పిల్లల గురించి, మీవారి గురించి. మీవారికి కుదురుకోవడం సులభమైనది ఆయన గొప్పతనం వల్ల కాదు, మీ లోపం వల్ల కాదు. ఆయన దిగిన మరునాడే ఆయనకొక కుర్చీ, ఒక హోదా, పేరుపెట్టి పిలిచే మనుషులు, లేచి వెళ్లవలసిన ఒక వేళ సిద్ధంగా ఉన్నాయి. మీకు వాటిలో ఒక్కటీ ఎవరూ ఇవ్వలేదు, అన్నీ మీరే మొదటినుంచి కట్టుకోవాలి. పైగా కొత్త ఇంటి పనులన్నీ, టీకాల రికార్డులు బడికి ఇవ్వడం నుంచి నీటి బిల్లు మీద పేరు మార్పించడం దాకా, పగలు ఇంట్లో ఉన్నవారి మీదే పడతాయి, అవి సాయంత్రానికి ఎవరికీ కనిపించవు. నేను వచ్చిన కొత్తలో మీటరు చూడటానికి ఒకతను వచ్చి ఏదో అడిగాడు. నాలుగుసార్లు చెప్పినా నాకు అర్థంకాలేదు. చివరికి అతడు జేబులోంచి కాగితం తీసి, గోడకు ఆనించి, మెట్లు, మెట్ల కింద ఒక చిన్న తలుపు బొమ్మగా గీసి చూపించాడు. చాలా మర్యాదగానే ప్రవర్తించాడు. అతడు వెళ్లాక నేను ఆ మెట్ల మీదే కూర్చుని ఏడ్చాను. అంతకు ఏడాది ముందు దాకా నేను 40 మంది విద్యార్థులకు భౌతికశాస్త్రం బోధించిన మనిషిని. సాయంత్రం మావారికి చెబితే, 'అంతేనా, నాకూ మొదట్లో అలాగే ఉండేది, సర్దుకున్నాను కదా' అన్నారు. ఓదార్చాలనే అన్నారు. కానీ ఆ 'సర్దుకున్నాను కదా' అన్న మాట మా ఇద్దరి మధ్య నెలల తరబడి ముల్లులా ఉండిపోయింది. మీ ఇంట్లో వస్తున్న మాట పట్టింపులకు పాప భాష ఒక సాకు మాత్రమేనని, కింద ఉన్నది ఇదేనని నా అనుమానం.

ఉద్యోగం విషయంలో తొందరపడవద్దు కానీ, తయారీ మాత్రం ఇప్పుడే మొదలుపెట్టండి. మొదట మీ వీసా మీకు పనిచేసే హక్కు ఇస్తుందో లేదో రాతపూర్వకంగా నిర్ధారించుకోండి. తర్వాత మీ వృత్తిలో ఏ పనికి లైసెన్సు కావాలో, ఏ పనికి అక్కరలేదో విడదీసి చూడండి. వైద్యం, నర్సింగ్, న్యాయవాదం, బడిబోధన వంటివి చాలా దేశాల్లో అనుమతి లేనిదే చేయకూడని వృత్తులు. లెక్కల రంగంలో సాధారణంగా ఆడిట్ నివేదిక మీద సంతకం పెట్టడానికి అక్కడి అర్హత, సభ్యత్వం కావాలి కానీ, ఖాతాలు రాయడానికి, జీతాల లెక్కలు చూడటానికి చాలా చోట్ల అవసరం ఉండదు. ఆ రెండో తలుపు నుంచి లోపలికి వెళ్లి, మొదటిదానికి పరీక్షలు రాసుకోవచ్చు. పట్టాలకు అపోస్టిల్ ముద్ర వేయించుకుంటే చాలనుకునేవారు ఉన్నారు. 1961 నాటి హేగ్ ఒప్పందం కింద వేసే ఆ ముద్ర పత్రం మీది సంతకం, హోదా, అధికార ముద్ర నిజమైనవేనని చెబుతుందే తప్ప, మీ పట్టా అక్కడి పట్టాతో సమానమని చెప్పదు. సమానతను నిర్ణయించే మూల్యాంకనం వేరు, దానికి నెలలు పట్టవచ్చు కాబట్టి దరఖాస్తు ముందే పెట్టుకోవడం మేలు.

దరఖాస్తులు పంపుతూ ఇంట్లో కూర్చోవడం కన్నా, వారానికి రెండుసార్లు ఒకే వేళకు, ఒకే చోటికి వెళ్లడం నేను ఎక్కువగా నమ్ముతాను. గ్రంథాలయంలో భాషా తరగతి కావచ్చు, బడిలో స్వచ్ఛంద సేవ కావచ్చు. అమెరికాలో సామాజిక శాస్త్రవేత్త మార్క్ గ్రానోవెటర్ 1973లో ప్రచురించిన పరిశోధనలో, పరిచయస్తుల ద్వారా ఉద్యోగం దొరికినవారిలో తరచుగా కలిసే మనిషి ద్వారా దొరికినది 16.7 శాతం మందికేనని, అప్పుడప్పుడూ కలిసేవారి ద్వారా 55.6 శాతం మందికి, అరుదుగా కలిసేవారి ద్వారా 27.8 శాతం మందికి దొరికిందని తేలింది. దగ్గరివారికి తెలిసినదే మనకూ తెలిసి ఉంటుంది, దూరపు పరిచయస్తులు మనకు తెలియని చోటి కబురు తెస్తారు. దేశం మారినవారు పోగొట్టుకునేది సరిగ్గా ఈ దూరపు పరిచయాలనే. ఆత్మీయులతో ఫోనులో మాట్లాడవచ్చు కానీ, రోజూ తల ఊపి పలకరించే ముఖాలను ఫోనులో తెచ్చుకోలేము.

ఆత్మీయుల మాట వచ్చింది కాబట్టి, మీరు రాయని ఒక విషయం అడుగుతాను. ఇంటికి ఫోను చేసినప్పుడు మీ పెద్దవారికి నిజం చెబుతున్నారా? మేము ఇంటికి పంపే ఫొటోల్లో పడే మూలను ఒక్కదాన్నే సర్ది ఉంచుకునేవాళ్లం. దాని వెనక గదిలో విప్పని పెట్టెలు అలాగే ఉండేవి. మనవారు చనిపోలేదు కాబట్టి ఏడవలేము, దగ్గర లేరు కాబట్టి ఉన్నట్టూ కాదు, ఇలాంటి దుఃఖానికి కుటుంబ మనస్తత్వ నిపుణురాలు పౌలీన్ బాస్ అస్పష్ట నష్టమని పేరు పెట్టారు, వలస వెళ్లినవారిని కూడా అందులో చేర్చారు. దానికి పేరుందని తెలియడమే నాకు పెద్ద ఊరట. వారితో అన్నీ చెప్పుకోనవసరం లేదు కానీ, ఒక్కరికైనా ఆ పెట్టెలు చూపించండి.

తిరిగి వెళ్లడం గురించి నా అభిప్రాయం స్పష్టంగా చెబుతాను. ఇప్పుడు నిర్ణయించకండి. 1955లో స్వెర్రె లిస్‌గార్డ్ అనే పరిశోధకుడు అమెరికాలో ఉండి వచ్చిన 200 మంది నార్వే దేశీయులను విచారిస్తే, 6 నెలలలోపు ఉన్నవారికన్నా, 18 నెలలు దాటినవారికన్నా, ఆ మధ్యకాలంలో ఉన్నవారే ఎక్కువ ఇబ్బందిపడినట్టు తేలింది. అందరికీ ఇలాగే జరుగుతుందనడం సరికాదు, చాలామందికి మొదటి వారాలే అన్నిటికన్నా కష్టమని తర్వాతి పరిశోధకులు చూపించారు. అయినా నా అనుభవంలో రెండో సగం ఏడాది బరువైనదే. కొత్తదనపు ఉత్సాహం తీరిపోతుంది, భాష ఇంకా చేతికి రాదు. నారుమడి నుంచి తీసి నాటిన వరి మొదట పసుపు పడుతుంది, వేళ్లూనుకుని మూన తిరిగాకే పచ్చబడుతుంది. పసుపు పడిన రోజున పీకి చూసే రైతు ఉండడు. ఇంట్లో హింస ఉన్నా, ఎవరి ప్రాణమైనా ప్రమాదంలో ఉన్నా, పాపకో అబ్బాయికో నిపుణులు గట్టిగా చెప్పినా, మీ చట్టబద్ధమైన స్థితి నిలవకపోయినా ఈ మాట వర్తించదు, అప్పుడు ఆగకూడదు. అవేవీ లేకపోతే 18 నెలలు నిండే తేదీని క్యాలెండరులో గుర్తుపెట్టి, ఆ రోజున ఇద్దరూ కూర్చుని మాట్లాడుకుందామని ఒప్పుకోండి. అప్పటిదాకా ప్రతి చిన్న తగవూ 'వెళ్లిపోదాం' దాకా వెళ్లకుండా ఆ తేదీ కాపాడుతుంది. ఆ రోజున వెళ్లడమే మంచిదని తేలితే అది ఓటమి కాదు, నేను గౌరవించే చాలా కుటుంబాలు ఆ పనే చేశాయి. కానీ అప్పటికి అబ్బాయికి 14 దాటుతాయని, తిరిగి వెళ్లడం అతనికి రెండో వలస అవుతుందని, ఈసారి అతడిని అడిగి తీరాలని గుర్తుంచుకోండి.

ఇప్పటికి మాత్రం పాప ఉపాధ్యాయురాలిని కలవడానికి సమయం అడగండి. ఆ సమావేశానికి అబ్బాయిని దుబాసీగా తీసుకువెళ్లకండి, బడివారినే ఏర్పాటు చేయమనండి. మీవారిని ఒక పూట సెలవు పెట్టి మీతో రమ్మనండి, కానీ మాట్లాడవలసినది మీరే. ఇంటి భాష ఎందుకు మానడం లేదో చెప్పండి, పాప తరగతిలో ఏయే పనులు మాటల్లేకుండా చేయగలదో అడగండి, వచ్చే వారం చదవబోయే కథ పుస్తకాన్ని ముందుగా ఇంటికి పంపమనండి. ఆ కథను పాపకు మీ భాషలో మీరు ముందే చెప్పి ఉంచితే, తరగతిలో ఆమె దాన్ని రెండోసారి వింటుంది.